నేను ఎక్కని మిద్దె: మెదడులో గుర్తు ఎలా పడుతుంది, ఎలా తిరిగొస్తుంది

2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊరి మీద పడ్డాయి. ఆ పొద్దు మా ఇంట్లో జరిగిందంతా నాకు నిన్న మొన్నటిలా గుర్తుంది. వాకిలి దాటి నీళ్ళు లోపలికి రాగానే అమ్మ బియ్యం మూట మీద చెయ్యేసి "ముందు ఇది ఎత్తండి" అంది. నాయన బీరువాలోంచి ఇంటి కాగితాల సంచి లాగాడు. నేను స్టీలు బిందెలో మంచినీళ్ళు ఎత్తుకుని మిద్దె మెట్లెక్కుతుంటే కాలు జారింది. బిందె గోడకు కొట్టుకుని సొట్ట పోయింది. ఆ ఠంగుమన్న చప్పుడు, తడిసి మోకాళ్ళకు అంటుకున్న లుంగీ, అన్నీ గుర్తే.

పదేళ్ళ తర్వాత ఓ దసరాకి ఈ కథ పిల్లలకు చెబుతుంటే అక్క అడ్డుపడింది. "నువ్వేడుంటివిరా ఆ పొద్దు? హైదరాబాదులో రూములో కదా ఉండింది! బిందె ఎత్తుకోని జారింది నేను." కాసేపు వాదించాను. చివరికి అప్పటి రూమ్మేటుకు ఫోన్ చేశాను. ఇంటికి ఫోన్ కలవక ఆ రాత్రంతా వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నానట. అక్క చెప్పిందే నిజం. నీళ్ళు తీశాక ఊరికి వెళ్ళినప్పుడు ఆ కథ విన్నాను, సొట్ట బిందెను కళ్ళారా చూశాను. ఆ తర్వాత ఎప్పుడో, నాకే తెలియకుండా, ఆ మెట్ల మీద అక్క నిలబడ్డ చోటికి నేను వెళ్ళి నిలబడ్డాను.

నేను అబద్ధమాడలేదు. నాకు మతిమరుపు జబ్బూ లేదు. మెదడు రోజూ చేసే పనే ఇక్కడా చేసింది.

తెలుగులో జ్ఞాపకానికి మనం రోజూ వాడే మాట 'గుర్తు'. గుర్తంటే ఆనవాలు, దేని మీదైనా పడిన గీత. ఆ ఒక్క మాట చుట్టూ మనం నాలుగు పనులు అల్లుకున్నాం: గుర్తు పెట్టుకోవడం, గుర్తుండటం, గుర్తు రావడం, గుర్తు పట్టడం. ఇందులో ఒక తమాషా ఉంది. పెట్టుకునేది 'నేను', కానీ వచ్చేది 'నాకు'. "నేను గుర్తొచ్చాను" అంటే ఎవరికో నేను తట్టానని అర్థం తప్ప నాకేదో తట్టిందని కాదు. పెట్టుకోవడంలో మన చెయ్యి ఉంది, రావడంలో మనం వాకిట్లో ఎదురుచూసేవాళ్ళమే. ఇవన్నీ ఒకటే పని కాదని శాస్త్రవేత్తలకు గట్టిగా తెలిసింది మాత్రం ఒక మనిషికి జరిగిన నష్టం వల్ల.

హెన్రీ

హెన్రీ మొలైసన్‌ది అమెరికాలోని కనెక్టికట్. చిన్నప్పటి నుంచీ మూర్ఛ రోగం. మందులు ఎంత పెంచినా లొంగలేదు, ఉద్యోగం చేయలేని పరిస్థితి. 1953లో, అతనికి 27 ఏళ్ళప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు కణతల లోపలి వైపు నుంచీ మెదడులో కొంత భాగం తీసేశాడు. అందులో హిప్పోకాంపస్‌లో చాలా భాగం పోయింది. గుర్రం తల ఉండే చిన్న సముద్రపు చేప ఒకటి ఉంటుంది కదా, ఈ భాగం దాన్ని పోలి ఉంటుందని 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు అరాంజీ ఆ పేరు పెట్టాడు. పేరైతే ఉంది కానీ, అది చేసే పనేమిటో ఆపరేషన్ నాటికి ఎవరికీ సరిగా తెలియదు.

మూర్ఛలు బాగా తగ్గాయి. తెలివి తగ్గలేదు. మాట తీరు, మర్యాద, చిన్న చిన్న జోకులు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్కటే పోయింది: కొత్తదేదీ నిలవడం లేదు. కెనడా నుంచి బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి అతన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి వచ్చారు. వచ్చిన ప్రతిసారీ తనెవరో కొత్తగా చెప్పుకోవాల్సిందే. ఆమె గది దాటి వెళ్ళి తిరిగొచ్చేసరికే అతనికి ఆమె కొత్త మనిషి.

మిల్నర్ ఒకసారి అతనికి 584 అనే సంఖ్య చెప్పి, గుర్తుంచుకోమని ఒంటరిగా కూర్చోబెట్టారు. పావుగంట తర్వాత అడిగితే తడబడకుండా చెప్పాడు. ఎలా గుర్తుంచుకున్నావంటే, "తేలికే" అని వివరించాడు: 5, 8, 4 కలిపితే 17. అందులో 8 మనసులో పెట్టుకుని తీసేస్తే 9 మిగిలింది. దాన్ని రెండుగా విడగొడితే 5, 4. మధ్యలో 8 పెడితే 584. ఆ పావుగంటా ఆ లెక్కను లోపల తిప్పుతూనే ఉన్నాడన్నమాట. కాసేపటికి ధ్యాస మళ్ళింది. సంఖ్యే కాదు, తననెవరో ఒక సంఖ్య అడిగారన్న సంగతి కూడా పోయింది.

అరచేతిలో నీళ్ళు పట్టుకున్నట్టు ఏదైనా ఒక విషయాన్ని కాసేపు మనసులో నిలబెట్టడం ఒక పని. దాన్ని రేపటికి మిగల్చడం ఇంకో పని. హెన్రీకి మొదటిది చక్కగా ఉంది, రెండోదే పోయింది. మరి పాతవి? చిన్ననాటి ఇల్లు, బడి, అమ్మానాన్నల ముచ్చట్లు చెప్పగలిగేవాడు. ఆపరేషన్‌కు ముందు కొన్నేళ్ళవి మాత్రం మసకగా ఉండేవి. అంటే హిప్పోకాంపస్ గోడౌన్ కాదు. గుర్తు పడే తొలి రోజుల్లో దాని సాయం కావాలి, క్రమంగా ఆ బాధ్యత మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు బదిలీ అవుతుంది. స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో రాసిన పరిశోధన పత్రంతో ఈ ఆలోచనకు పునాది పడింది. వివరాల మీద వాదన ఇంకా తెగలేదు. కొన్ని రకాల జ్ఞాపకాలకు, ముఖ్యంగా మన సొంత అనుభవాల్లోని దృశ్యాలకు, హిప్పోకాంపస్ జీవితాంతం కావాలనే వాళ్ళు కూడా గట్టివాళ్ళే.

మిల్నర్ చేసిన పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అద్దం పరీక్ష. రెండు గీతలతో గీసిన నక్షత్రం బొమ్మ ముందు పెడతారు. చేతిని, కాగితాన్ని నేరుగా చూడనివ్వరు, అద్దంలోనే చూడాలి. ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. ప్రయత్నించి చూడండి, చెయ్యి కుడికి వెళ్ళమంటే ఎడమకు పోతుంది. హెన్రీ మూడు రోజులు చేశాడు. రోజు రోజుకీ తప్పులు తగ్గాయి. మూడో రోజు దాదాపు తొణక్కుండా గీశాడు. గీసి, ఇంత సులువుగా వస్తుందనుకోలేదే అని ఆశ్చర్యపోయాడు. అంతకుముందు ఎప్పుడైనా చేసినట్టు అతనికి తెలియదు. అతని చేతికి తెలుసు.

మనం "చెయ్యి తిరిగింది" అంటామే, అదే ఇది. చెయ్యి తిరిగిన వంటమనిషి, చెయ్యి తిరిగిన దర్జీ. సైకిల్ తొక్కడం, ఈత, వీణ మీద వేళ్ళ నడక అన్నీ ఈ కోవలోవే. వీటిని చూసుకునేది మెదడు లోతుల్లోని వేరే భాగాలు, వెనకనున్న చిన్నమెదడు. మా అవ్వ చివరి ఏళ్ళలో నన్ను చూసి మా చిన్నాయన పేరు పెట్టి పిలిచేది. పొద్దున తిన్నదీ లేనిదీ తెలిసేది కాదు. కానీ ధనుర్మాసంలో వాకిట్లో కూర్చోబెట్టి చేతిలో ముగ్గుపిండి పోస్తే, పదిహేను చుక్కల నుంచి ఒకటి దాకా వరసలు పెట్టుకుంటూ పోయేది. ఒక్క చుక్క తప్పేది కాదు. "ఎవరు నేర్పించారవ్వా?" అంటే బిత్తరపోయి చూసేది. ఆల్జీమర్స్ సాధారణంగా ముందు హిప్పోకాంపస్ ప్రాంతాన్ని పట్టుకుంటుంది, చేతి విద్యల జోలికి ఆలస్యంగా వస్తుంది. ఈ మాట డాక్టర్ల దగ్గర విన్నప్పుడు నాకు పాఠంలా తోచలేదు, మా వాకిలే కనిపించింది.

హెన్రీ 2008లో, 82 ఏళ్ళకు పోయాడు. అతని మెదడును శాన్‌డియాగోలో 2,401 పలుచని పొరలుగా కోసి భద్రపరిచారు. బతికినంత కాలం అతని పేరు బయటపెట్టలేదు. శాస్త్రగ్రంథాల్లో ఉత్త 'హెచ్.ఎం.'.

గీత పడే చోటు

సరే, గుర్తంటే గీత అన్నాం. ఆ గీత దేని మీద పడుతుంది?

కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలకు చిక్కుదారులు నేర్పి, వాటి మెదడు పైపొరలో ఒక్కో ముక్క కోసి, ఎక్కడ కోస్తే ఆ దారి మర్చిపోతాయో వెతికాడు. దశాబ్దాలు వెతికాడు. ఫలానా చోటు అని ఎక్కడా దొరకలేదు. ఈ సాక్ష్యాలన్నీ చూస్తుంటే అసలు నేర్చుకోవడమే అసాధ్యమని తేల్చాల్సి వచ్చేలా ఉందని 1950లో వాపోయాడు. ఒక పుస్తకం ఒక అరలో ఉన్నట్టు ఒక జ్ఞాపకం ఒక చోట ఉంటుందనుకుని వెతకడమే ఆయన చేసిన పొరపాటు.

ఎరిక్ కాండెల్ అనే మరో శాస్త్రవేత్త ఇంకో దారి పట్టాడు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు. అందులో వెతకడం కన్నా, కణాలు తక్కువున్న ప్రాణిని పట్టుకుందామనుకున్నాడు. దొరికింది అప్లీసియా అనే సముద్రపు నత్త జాతి జీవి. దానికి ఉన్నవి 20,000 నాడీకణాలు. వాటిలో కొన్ని ఎంత పెద్దవంటే, సూక్ష్మదర్శిని లేకుండానే కనిపిస్తాయి. దాని ఒంటిని మెల్లగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. తోక మీద చిన్న కరెంటు షాక్ ఇచ్చి ఆ తర్వాత తాకితే, బెదిరిన మనిషిలా గట్టిగా, ఎక్కువసేపు ముడుచుకుంటుంది. ఒక షాక్ ఇస్తే ఆ బెదురు కొన్ని నిమిషాలే. విరామమిస్తూ నాలుగైదు ఇస్తే రోజుల తరబడి ఉంటుంది.

అంటే ఈ నత్తకూ రెండు రకాల గుర్తులున్నాయి. కాండెల్ బృందం లోపలికి వెళ్ళి చూసింది. ఒక నాడీకణం తన కబురు ఇంకో కణానికి అందించే సన్నని సందును సినాప్స్ అంటారు. కాసేపటి గుర్తులో ఆ సందు దగ్గర ఉన్న సరంజామాకే కాస్త మెరుగు పడుతుంది, కబురు మోసే రసాయనం కొంచెం ఎక్కువగా విడుదలవుతుంది. కొత్తగా ఏమీ తయారవదు. ఎక్కువకాలం నిలిచే గుర్తులో మాత్రం కబురు కణం నడిబొడ్డు దాకా వెళ్ళి, అక్కడ జన్యువులు మేల్కొని, కొత్త ప్రొటీన్లు తయారై, కొత్త సినాప్సులు మొలుస్తాయి. అలా నేర్చిన నత్తలో ఆ స్పర్శ కణానికి ఉండే కొసలు దాదాపు రెట్టింపయ్యాయి. ప్రొటీన్ల తయారీని మందుతో ఆపేస్తే కాసేపటి గుర్తుకు ఏమీ కాలేదు, నిలవాల్సింది మాత్రం నిలవలేదు.

నన్నడిగితే ఈ విషయం మొత్తంలో ఒక్కటి గుర్తు పెట్టుకోవాల్సి వస్తే ఇదే. పాఠం నేర్చుకున్న మెదడు, నేర్చుకోకముందు ఉన్న మెదడు కాదు. మాటవరసకు కాదు, నిజంగానే కట్టడం మారింది. మీరు ఈ వాక్యాన్ని రేపటిదాకా గుర్తుంచుకుంటే మీ తలలో ఎక్కడో చిన్న మేస్త్రీ పని జరిగినట్టే. ఈ పనికి కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చింది. నాజీలు వియన్నాను ఆక్రమించాక 1939లో పిల్లవాడిగా అక్కడి నుంచి తప్పించుకుని అమెరికా చేరినవాడాయన. వియన్నాలో గడిపిన, మరపు రాని ఆ చివరి ఏడాదే తనను జ్ఞాపకం మీద పరిశోధనకు నడిపించిందని చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కనపడిన ప్రతిదానికీ మేస్త్రీలను పిలిస్తే మెదడు పట్టదు. దేనికి కట్టాలో ఎలా తెలుస్తుంది? 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో ఆస్లోలో కుందేళ్ళ హిప్పోకాంపస్‌పై చేసిన ప్రయోగాలు ప్రచురించారు. ఒక దారి వెంట గబగబా విద్యుత్ స్పందనలు పంపితే, ఆ తర్వాత గంటల తరబడి ఆ దారిలో కబురు ఎక్కువ బలంగా అందుతోంది. నడిచిన కొద్దీ కాలిబాట పడినట్టు. ఈ బాట పడటానికి ఒక షరతు ఉందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

బ్యాంకు లాకరు తెలుసు కదా. మీ తాళం చెవి ఒక్కటే ఉంటే తెరుచుకోదు, బ్యాంకు వాళ్ళది ఒక్కటే ఉన్నా తెరుచుకోదు. రెండూ ఒకేసారి పడాలి. కబురు అందుకునే కణం మీద ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకం అనే తలుపు ఉంటుంది. దాని నోట్లో మెగ్నీషియం అయాన్ బిరడాలా కూర్చుని ఉంటుంది. అవతలి కణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేయాలి, అది మొదటి చెవి. సరిగ్గా అప్పుడే ఇవతలి కణం కూడా ఉత్తేజంలో ఉండాలి, అప్పుడే బిరడా ఊడుతుంది. అది రెండో చెవి. రెండూ కుదిరితే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, మేస్త్రీ పని మొదలవుతుంది. అంటే ఈ తలుపు "ఇవి రెండూ ఒకేసారి జరిగాయి" అన్న సంగతిని పసిగట్టే యంత్రం. తాలింపు వాసన, వంటింట్లో అమ్మ గొంతు కలిసి వస్తే కలిసే నిలుస్తాయి. తర్వాత ఎక్కడో ఇంగువ వాసన ఒక్కటే తగిలినా అమ్మ గొంతు వినపడుతుంది. కలిసి పనిచేసే కణాల బంధం బలపడుతుందని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లోనే ఊహించాడు. ఈ తలుపు దానికి దొరికిన తాళం.

లాష్లీ ఓడిపోయిన చోటికి మళ్ళీ వద్దాం. గుర్తు ఒక చోట ఉండదు, చెల్లాచెదురుగా ఉన్న కొన్ని కణాల ముఠాలో, వాటి మధ్య బలపడిన బంధాల్లో ఉంటుంది. 2012లో ఎం.ఐ.టి.లో సుసుము తొనెగావా బృందం దీన్ని ఎలుకల్లో కళ్ళకు కట్టించింది. ఎలుక ఒక పెట్టెలో షాక్ తిని భయం నేర్చుకునేటప్పుడు హిప్పోకాంపస్‌లో ఏ కణాలు చురుగ్గా ఉన్నాయో వాటికి మాత్రమే, వెలుతురు పడితే స్పందించే ప్రొటీన్ చేరేలా ఏర్పాటు చేశారు. తర్వాత దాన్ని ఏ భయమూ లేని వేరే పెట్టెలో పెట్టి, సన్నని ఫైబర్ గుండా ఆ కణాల మీద నీలి వెలుగు వేశారు. ఎలుక ఉన్నచోటే బిగుసుకుపోయింది. ఒక స్విచ్చు వేస్తే ఒక జ్ఞాపకం వచ్చింది! మరుసటి ఏడాది ఇంకో అడుగు వేశారు. ఎలుక రెండో పెట్టెలో షాక్ తింటున్నప్పుడు మొదటి పెట్టె తాలూకు కణాలను వెలిగించారు. ఆ తర్వాత మొదటి పెట్టెలో పెడితే, అక్కడ ఎన్నడూ ఏ కీడూ జరగకపోయినా, అది భయపడింది. ఆ ఎలుకకూ నాకూ ఒక చుట్టరికం ఉందని అప్పుడనిపించింది.

నిద్ర గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఎలుక పగలు తిరిగిన దారిలో వెలిగిన కణాలు, అది నిద్రపోయేటప్పుడు మళ్ళీ కలిసి వెలుగుతాయని 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ చూపించారు. హిప్పోకాంపస్ నుంచి కార్టెక్స్‌కు బదిలీ ఎక్కువగా ఇలాంటి వేళల్లోనే జరుగుతుందని భావిస్తున్నారు. పరీక్ష ముందు రాత్రి తెల్లార్లూ చదివించే హాస్టళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ధారణ

ఇక గుర్తు రావడం. ఇది చూడాలంటే అష్టావధానం కన్నా మంచి ప్రయోగశాల నాకు తెలియదు.

అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరిది నిషిద్ధాక్షరి, ఒక్కో అక్షరం దగ్గరా "ఇది వద్దు" అని దారి మూస్తారు. ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. ఒకరు మధ్యమధ్యలో గంట కొడతారు, ఎన్నిసార్లు కొట్టారో లెక్క ఉండాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని ధ్యాస చెదరగొట్టడమే: "అవధాని గారూ, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పద్యానికి ఒక్కో పాదం పూర్తవుతుంది. చివర్లో ధారణ. అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ వరసగా, అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి.

మనసులో ఒకేసారి పట్టేవి ఏడు, రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఇప్పుడు చాలామంది నాలుగే అంటున్నారు. నాలుగు ఉత్పలమాలలంటే 320 అక్షరాలు. ఎలా కుదురుతుంది?

ఒక కిటుకు మూట కట్టడం. పదంకెల ఫోన్ నంబరును "డబుల్ ఎయిట్, ట్రిపుల్ టూ" అంటూ మనమూ కడతాం. కానీ అసలు బలం ఛందస్సుది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, గురువు లఘువుల వరస ముందే ఖాయం. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకే హల్లు కావాలి, అది ప్రాస. పదో అక్షరం మొదటి అక్షరంతో మైత్రి కలపాలి, అది యతి. అంటే అవధానికి మొదటి పాదం గుర్తొస్తే, రెండో పాదంలో రెండో అక్షరం ఏమిటో సగం తెలిసిపోయినట్టే. భావం ఒక వైపు నుంచి లాగుతుంది, నడక ఇంకో వైపు నుంచి, ప్రాస మరో వైపు నుంచి. ఇన్ని తాళ్ళు ఒకే మాట దగ్గర ముడిపడితే ఆ మాట ఎక్కడికి పోతుంది? పైగా అది అవధాని తనే కట్టిన పద్యం. విన్నదాని కన్నా మనంతట మనం పుట్టించినది బాగా నిలుస్తుందని ప్రయోగాలు చాలాసార్లు చూపించాయి. తిరుపతి వేంకట కవులు శతావధానాలతో ఊళ్ళకు ఊళ్ళను ఆశ్చర్యపరిచిన కాలంలో ఈ లెక్కలు ఎవరికీ తెలియవు. కానీ ఆ ప్రక్రియ రూపమే జ్ఞాపకం స్వభావం తెలిసినవాళ్ళు కుదిర్చినట్టు ఉంటుంది.

అవధాని ధారణలో లోపలి టేపు తిప్పి వినిపించడం లేదు. ఆనవాళ్ళు పట్టుకుని పద్యాన్ని మళ్ళీ కడుతున్నాడు. మనమూ అంతే, కాకపోతే మన జ్ఞాపకాలకు యతిప్రాసల కాపలా లేదు. ఆనవాలు దొరికితే వస్తుంది, దొరక్కపోతే "పేరు నోటిదాకా వచ్చింది" అని గింజుకుంటాం. వంటింట్లోంచి హాల్లోకి వచ్చి ఎందుకొచ్చామో మర్చిపోయి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళగానే తట్టడం ఇందుకే. 1975లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు స్కాట్లాండ్ తీరంలో ఈతగాళ్ళకు నీటి అడుగున కొన్ని మాటలు, గట్టు మీద కొన్ని మాటలు నేర్పారు. నీళ్ళలో నేర్చినవి నీళ్ళలో, గట్టు మీద నేర్చినవి గట్టు మీద ఎక్కువగా గుర్తొచ్చాయి.

తీసుకొచ్చిన కొద్దీ దారి సాఫీ అవుతుంది కూడా. 2006లో రోడిగర్, కార్పిక్ కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివిన వాళ్ళదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత తారుమారైంది: చదివిన వాళ్ళకు 42 శాతం, రాసి చూసుకున్న వాళ్ళకు 56. "చదివిందే చదువు" అని కసిరే ఇళ్ళలో పుస్తకం మూసి "ఏం చదివావో చెప్పు" అని అడగడం మొదలుపెడితే పిల్లలకు చాలా గంటలు మిగులుతాయి. పాత వీధిబళ్ళలో ఒప్పజెప్పించుకోవడం ఎక్కువగా ఉండేది. బట్టీ అని దాన్ని వెక్కిరించడంలో న్యాయముంది, కానీ ఒప్పజెప్పడంలో ఉన్న బలం అందులో కొట్టుకుపోయింది.

బయటికి తీసినప్పుడల్లా

తీసినప్పుడల్లా బలపడుతుందన్నాను. కానీ అదే సమయంలో అది మెత్తబడుతుంది కూడా. 2000లో కరీమ్ నాదర్, న్యూయార్క్‌లో జోసెఫ్ లెడూ ప్రయోగశాలలో, ఎలుకలకు ఒక శబ్దం వింటే భయపడటం నేర్పాడు. భయం బాగా కుదురుకున్నాక ఒకసారి ఆ శబ్దం వినిపించి, వెంటనే భయాన్ని చూసుకునే అమిగ్డాలా అనే భాగంలో ప్రొటీన్ల తయారీని ఆపే మందు వేశాడు. తర్వాత చూస్తే ఆ భయం పోయింది. శబ్దం వినిపించకుండా అదే మందు వేస్తే ఏమీ కాలేదు. అంటే కుదురుకున్న గుర్తు కూడా, తలుచుకున్నప్పుడు మళ్ళీ పచ్చి మట్టిలా మారుతోంది. మళ్ళీ ప్రొటీన్లు కట్టి ఆరబెడితేనే నిలుస్తుంది. ఆ పచ్చిదనంలో ఎవరి వేలిముద్రైనా పడొచ్చు.

ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో 150 మంది విద్యార్థులకు కార్ల ప్రమాదం ఉన్న చిన్న ఫిల్ము చూపించారు. 50 మందిని "కార్లు ఢీకొన్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అని అడిగారు. ఇంకో 50 మందిని "కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగారు. మిగతా వాళ్ళను వేగం గురించి అడగనే లేదు. వారం తర్వాత అందరికీ ఒకటే ప్రశ్న: "పగిలిన అద్దం ముక్కలు చూశారా?" ఢీకొన్నప్పుడు అని విన్నవాళ్ళలో ఏడుగురు, ఏమీ అడగని వాళ్ళలో ఆరుగురు చూశామన్నారు. నుజ్జయ్యేలా అని విన్నవాళ్ళలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో అద్దం ముక్కలే లేవు. ప్రశ్నలోని ఒక్క క్రియాపదం అద్దాలు పగలగొట్టింది.

పెద్ద విపత్తులైతే మనసులో ఫొటోలా పడిపోతాయని అనుకుంటాం. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడు ఉదయమే ఎమరీ యూనివర్సిటీలో ఉల్రిక్ నైసర్ విద్యార్థుల చేత ఆ కబురు ఎక్కడ, ఎలా, ఎవరి ద్వారా విన్నారో రాయించి దాచాడు. సుమారు రెండున్నరేళ్ళ తర్వాత 44 మందిని పిలిచి మళ్ళీ అదే అడిగారు. వాళ్ళలో 11 మంది చెప్పింది మొదట రాసినదానితో ఏ మాత్రం కలవలేదు. అయినా చాలామంది తమ మాట మీద ఎంతో నమ్మకంగా ఉన్నారు. వాళ్ళ చేతిరాతే వాళ్ళకు చూపించినా మొదటి జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఇదంతా ప్రయోగశాల సరదా అనుకుంటే పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళాలి. మన టీవీ చర్చల్లో ఏదైనా పెద్ద కేసు రాగానే "నార్కో చేస్తే నిజం కక్కుతాడు" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. మెదడులో సీసీ కెమెరా ఫుటేజీ భద్రంగా ఉందని, మందిస్తే అది తనంతట తాను బయటికొస్తుందని ఆ మాట వెనకున్న నమ్మకం. ఆ పరీక్షలో ఇచ్చే సోడియం పెంటథాల్ అనే మందు మనిషిని మత్తులోకి నెట్టి నోటికి అడ్డు తీసేస్తుంది. నోరు తెరుచుకున్నంత మాత్రాన నిజమే వస్తుందని లేదు, అడిగేవాడు అందించిన మాటలూ అందులో కలుస్తాయి. 2010 మే 5న సెల్వీ వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టానికి వ్యతిరేకంగా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పులో ప్రధానంగా నిలబడ్డది తనపై తానే సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ. కానీ ఈ పరీక్షల నమ్మకం మీద కూడా కోర్టు గట్టి అనుమానాలే వ్యక్తం చేసింది. కళ్ళారా చూశానని చెప్పే సాక్షి మీద మాత్రం మనకు ఇప్పటికీ అంత అనుమానం రాదు. అబద్ధమాడే సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకోవచ్చు. తను చెప్పేది నిజమని మనస్ఫూర్తిగా నమ్మే నాలాంటి సాక్షిని దేనితో పట్టుకుంటారు?

సొట్ట బిందె ఇంకా మా వంటింట్లోనే ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్క దాన్ని కొళాయి కింద పెట్టి, "ఇదో, నువ్వు జారిన బిందె" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇన్ని ప్రయోగాల గురించి చదివాను, రూమ్మేటు మాట విన్నాను, ఆ రాత్రి నేను హైదరాబాద్‌లోనే ఉన్నానని నాకు ఖాయంగా తెలుసు. బిందె నిండుతుంటే ఆ సొట్ట వైపు చూశాను. మోకాళ్ళ దగ్గర లుంగీ తడిసి అంటుకుంది.